నర్తనశాల, పాండవ వనవాసం, కురుక్షేత్రం: ఒకే దర్శకుని మూడు భారతాలు

ఆంగ్ల చిత్రాల మీద మక్కువ గల యువమిత్రులు నలుగురు చేరినచోట ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ చిత్రత్రయం ప్రస్తావన రాకుండా ఉండదు. టోల్కీన్ మహాశయుడు 1954, 1955 సంవత్సరాలలో మూడు సంపుటాలుగా వెలువరించిన కథను న్యూజిలాండు దర్శకుడు పీటర్ జాక్సన్ 2001, 2002, 2003 సంవత్సరాలలో వరుసగా మూడు చిత్రాలుగా విడుదల చేశారు. మూడింటిలో ఏది మిన్న, ఏది గ్రంథానికి దగ్గర, ఏది దూరం అన్న వాదానికి అంతూపొంతూ లేదు. ఆ వాదంలో వేలు పెట్టేటంతటి పాండిత్యం నాకు లేదు. అయితే ఆ మాటలు వింటున్నప్పుడు, మనకూ అటువంటి త్రయం ఒకటి ఉన్నది కదా, దానిని ఎవరూ త్రయంగా చూడలేదేమి అని అనిపించి ఈ వ్యాసానికి పూనుకున్నాను.

నేను చెప్పబోయేది కమలాకర కామేశ్వరరావు గారి మూడు భారత చిత్రాలను గురించి. 1963 అక్టోబరు 11న విడుదలైన ‘నర్తనశాల’, 1965 జనవరి 14న వచ్చిన ‘పాండవ వనవాసం’, 1977 జనవరి 14న వచ్చిన ‘కురుక్షేత్రం’. మూడింటికీ దర్శకుడు ఒక్కరే. కథాక్రమంలో పెడితే వనవాసం, అజ్ఞాతవాసం, యుద్ధం. అంటే అరణ్యపర్వం, విరాటపర్వం, ఆపైన యుద్ధపర్వాలు. ఇంతకంటె చక్కని త్రయం ఉంటుందా? కాని వీటిని ముందుగా ఎవరూ త్రయంగా తలపెట్టలేదు. జాక్సన్ తన మూడు చిత్రాలకూ ప్రధాన చిత్రీకరణను 1999 అక్టోబరు నుండి 2000 డిసెంబరు వరకు ఒకే ఊపులో ముగించారు. మన మూడు చిత్రాల మధ్య పదమూడేండ్లకు పైగా గడిచాయి. నిర్మాతలు మారారు, నటులు మారారు, పాత్రలు చేతులు మారాయి. పైగా విరాటపర్వం ముందు వచ్చి, అరణ్యపర్వం తరువాత వచ్చింది.

ఈ వెనుకముందులు చూసి నవ్వుకోనక్కరలేదు. మన ఆంధ్రమహాభారతం పుట్టిన తీరూ ఇదే. పదకొండవ శతాబ్దంలో రాజరాజనరేంద్రుని కోరికపై నన్నయభట్టారకుడు ఆది, సభాపర్వాలు పూర్తిచేసి, అరణ్యపర్వం నాలుగవ ఆశ్వాసంలో శరదృతువర్ణన దగ్గర ఆగిపోయాడు. పదమూడవ శతాబ్దంలో తిక్కన సోమయాజి ఆ అసంపూర్ణభాగాన్ని ముట్టుకోకుండా విరాటపర్వంతో మొదలుపెట్టి చివరి వరకు పదిహేను పర్వాలు రచించాడు. అరణ్యపర్వంలో మిగిలిన భాగాన్ని పూరించడానికి పధ్నాలుగవ శతాబ్దపు ఎఱ్ఱాప్రగడ రావలసివచ్చింది. కాబట్టి తెలుగువారికి విరాటపర్వం తయారైననాటికి అరణ్యపర్వం సగంలోనే ఉన్నది. చలనచిత్రంలోనూ అదే జరిగింది. యాదృచ్ఛికమే గాని, మన భారతానికి ఈ అలవాటు పాతది.

కామేశ్వరరావు గారు 1911లో బందరులో జన్మించారు. చిత్రరంగానికి రాకముందు ‘కృష్ణాపత్రిక’లో సినిమా సమీక్షలు వ్రాసేవారు. అంటే చిత్రాలు తీయడానికి ముందు చిత్రాలను చదవడం నేర్చినవారు. వారి తొలిచిత్రం విజయావారి ‘చంద్రహారం’ (1954) ఆదరణ పొందలేదు. తరువాతి కాలంలో ‘మహాకవి కాళిదాసు’ (1960), ‘గుండమ్మ కథ’ (1962) వచ్చాయి. ఆ మరుసటి సంవత్సరమే ‘నర్తనశాల’.

‘నర్తనశాల’ను రాజ్యం పిక్చర్స్ పక్షాన లక్ష్మీరాజ్యం, శ్రీధరరావు దంపతులు నిర్మించారు. రచన సముద్రాల రాఘవాచార్యులు గారు, సంగీతం సుసర్ల దక్షిణామూర్తి గారు. అర్జునుడుగాను, బృహన్నలగాను రామారావు గారు, సైరంధ్రిగా సావిత్రి గారు, కీచకుడుగా ఎస్.వి. రంగారావు గారు, ఉత్తరకుమారుడుగా రేలంగి గారు. 1964లో జకార్తాలో జరిగిన ఆఫ్రో ఆసియా చిత్రోత్సవంలో కీచకపాత్రకు రంగారావు గారు ఉత్తమ నటుడయ్యారు, కళాదర్శకులు టి.వి.ఎస్. శర్మ గారికి కూడ అక్కడ బహుమతి లభించింది. ఇవన్నీ పలుమార్లు చెప్పుకున్న సంగతులే. నేను నిలిచి చెప్పదలచినది ఒక్క పద్యాన్ని గురించి.

ఉత్తరగోగ్రహణ సమయంలో కౌరవసేన ఎదుట రథం నిలిపి, అర్జునుడు ఉత్తరునికి వీరులను పరిచయం చేసే సీసపద్యం తిక్కనగారిది. దాన్ని ఘంటసాల గారి గళంలో ఆ చిత్రంలో యథాతథంగా వినిపించారు. ఆ పద్యపు కట్టుబాటు చూడండి. సీసానికి నాలుగు పాదాలు. పాదానికొక వీరుడు: బంగారు వేదిక ధ్వజంగా గల ద్రోణుడు, సింహపు తోక గల కేతనంతో అశ్వత్థామ, పసిడి వృషభంతో కృపుడు, శంఖంతో కర్ణుడు. క్రింది తేటగీతిలో మణులు పొదిగిన సర్పధ్వజంతో దుర్యోధనుడు, చిట్టచివర అందరికంటె ఎత్తైన తాటిచెట్టు సిడంతో భీష్ముడు. ఆరుగురు వీరులు, ఆరు జెండాలు. ముఖాలు కనిపించనంత దూరంలో ఉన్నవారిని గుర్తుపట్టే ఉపాయం ధ్వజం ఒక్కటే. తిక్కన అర్జునుని చేత ధ్వజాలు చూపించి, పద్యాంతంలో బాగుగా చూసుకొమ్మని ఉత్తరునికి చెప్పించాడు.

ఇది పద్యమా, ఛాయాగ్రాహకునికి ఇచ్చిన సూచనా అని నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలుగుతుంది. ఏడువందల ఏండ్లనాటి కవి ఒక్కొక్కరినే చూపే క్రమాన్ని కూడ నిర్ణయించిపెట్టాడు: ముందు గురువు, ఆయన కొడుకు, ఆయన బావమరది, తరువాత కర్ణుడు, రాజు, తాత. చిత్రం చేయవలసినదల్లా ఆ పద్యానికి అడ్డురాకుండా ఉండటమే. సముద్రాల వారికి ఆ వివేకం ఉన్నది. ఆయన స్వయంగా గొప్ప కవి. ఆ ఘట్టానికి తనదైన పాట ఒకటి వ్రాయలేక కాదు. తిక్కన ఉన్నచోట తాను పక్కకు తప్పుకున్నారు.

నేను తొమ్మిది, పది తరగతులకు తెలుగు చెప్పే రోజులలో ఈ పద్యానికి బడిలో ఒక విచిత్రమైన స్థితి ఉండేది. ఉక్కు కర్మాగారంలో పనిచేసే ఒక కార్మికుని కుమారుడు, మామూలు పద్యం నాలుగు పాదాలు అప్పజెప్పడానికి నీళ్ళు నమిలేవాడు, ఈ సీసం మాత్రం గీతంతో సహా రాగయుక్తంగా చదివాడు. అర్థం అడిగితే ఒక్క సమాసమూ తెలియదు. తండ్రి ఇంట్లో క్యాసెట్టు పెట్టుకుని వినేవాడట, ఆ వినికిడితో వచ్చింది. నేను సమాసాలు విడదీసి ఒక్కొక్క జెండా బొమ్మా నల్లబల్ల మీద గీశాను. అప్పుడు వాడి ముఖంలో కనిపించిన వెలుగు ఏ పాఠ్యపుస్తకమూ తెప్పించలేనిది. ధ్వని ముందే ఇంటికి చేరి ఉన్నది, అర్థం తరువాత బడిలో దొరికింది. పద్యం నేర్వవలసిన సహజక్రమం అదేనని నా నమ్మకం. ఆ క్రమాన్ని ఒక చలనచిత్రం నిలబెట్టింది.

ఇక ‘పాండవ వనవాసం’. మాధవీ సంస్థ పక్షాన ఎ.ఎస్.ఆర్. ఆంజనేయులు గారు నిర్మాత. రచన మళ్ళీ సముద్రాల వారే, సంగీతం ఘంటసాల గారు. ఇక్కడ దర్శకునికి ఎదురైన చిక్కు వేరు. విరాటపర్వం అయిదు ఆశ్వాసాల చక్కని నాటకం. ఒకే ఊరు, ఒకే ఏడు, బయటపడితే మళ్ళీ పన్నెండేండ్ల అడవి అనే భయం. మారువేషాలు, దుష్టుడు, వధ, యుద్ధం, చివర పెండ్లి. చిత్రానికి కావలసినవన్నీ తిక్కనే అమర్చిపెట్టాడు. అరణ్యపర్వం అటువంటిది కాదు. ఏడు ఆశ్వాసాల నిండా ఉపాఖ్యానాలు. నలుడు, సావిత్రి, రాముడు, ఋశ్యశృంగుడు, ఇందరి కథలు అందులో ఉన్నాయి. నడిచే కథ కంటె చెప్పే కథలు ఎక్కువ. దానిని చిత్రంగా మలచాలంటే ఒక వెన్నెముక కావాలి.

ఆ వెన్నెముకగా భీముణ్ణి ఎంచుకోవడం ఈ చిత్రంలోని విజ్ఞత. రామారావు గారు భీముడు, గుమ్మడి గారు ధర్మరాజు, సావిత్రి గారే మళ్ళీ ద్రౌపది, రంగారావు గారు ఈసారి దుర్యోధనుడు. సభాపర్వంలో జూదం జరిగి ద్రౌపది పరాభవం పొందినప్పుడు భీముడు చేసే రెండు ప్రతిజ్ఞలకు నన్నయగారి పద్యాలనే వాడారు. దుశ్శాసనుని రొమ్ము చీల్చి రక్తం త్రాగుతాననే మత్తేభం ఒకటి, దుర్యోధనుని తొడలు విరుగగొడతాననే ఉత్పలమాల మరొకటి. ఘంటసాల గారు పాడిన ఆ రెండు పద్యాలే చిత్రానికి బరువు. వనవాసంలో భీముడు సౌగంధికపుష్పం కోసం వెళ్ళినా, భార్యతో హిమగిరి అందాలు చూసి పాడుకున్నా, ఆ ప్రతిజ్ఞలు మన చెవులలో మోగుతూనే ఉంటాయి. ఒట్టు పెట్టుకున్నవాడు చేతులు కట్టుకుని తిరుగుతున్నాడన్న బాధ ప్రేక్షకునికి తగులుతుంది. ఉపాఖ్యానాల అడవిలో దారి తప్పకుండా కాపాడినది నన్నయ పద్యాలే.

రెండు చిత్రాలలోని భీములను పక్కపక్కన పెట్టి చూడటం సరదాగా ఉంటుంది. ‘నర్తనశాల’లో భీముడు దండమూడి రాజగోపాల్ గారు, బరువులెత్తడంలో పేరుగాంచిన వస్తాదు. అక్కడ కావలసినది కీచకుణ్ణి నలిపివేయగల దేహం. ‘వనవాసం’లో కావలసినది ప్రతిజ్ఞ చేయగల కంఠం. ఒకే పాత్రలో ఏ సందర్భానికి ఏది ముఖ్యమో దర్శకునికి తెలుసు. అలాగే సావిత్రి గారి ద్రౌపది. సభలో నిప్పులా మండిన స్త్రీ, విరటుని అంతఃపురంలో ఆ నిప్పును నివురు కప్పి దాచుకోవాలి. రెండు చిత్రాలనూ కథాక్రమంలో వరుసగా చూడండి, నటన లోతు తెలుస్తుంది.

పన్నెండేండ్ల తరువాత ‘కురుక్షేత్రం’. నిర్మాత ‘వనవాసం’ తీసిన ఆంజనేయులు గారే. అర్జునుడుగా కృష్ణ గారు, శ్రీకృష్ణుడుగా శోభన్‌బాబు గారు, కర్ణుడుగా కృష్ణంరాజు గారు, దుర్యోధనుడుగా సత్యనారాయణ గారు. ‘నర్తనశాల’లో అభిమన్యుడై కనిపించిన శోభన్‌బాబు గారు ఇక్కడ శ్రీకృష్ణుడయ్యారు. సంగీతం సాలూరి రాజేశ్వరరావు గారు. మొదటి రెండూ నలుపుతెలుపు చిత్రాలు, ఇది వర్ణచిత్రం. సేనలు, రథాలు, విశాలమైన రణరంగం. జాక్సన్ మూడవ చిత్రం మూడింటిలోకి ఘనమైనదై పదకొండు ఆస్కారులు గెలుచుకున్నది. మన మూడవ చిత్రం మాత్రం మూడింటిలోకి తక్కువగా జ్ఞాపకమున్నది. ఎందువల్ల?

దానికి వెంటనే వచ్చే సమాధానం, అదే రోజున రామారావు గారి ‘దాన వీర శూర కర్ణ’ విడుదలై దీనిని మింగివేసినదని. అందులో నిజమున్నది. 1977 సంక్రాంతినాడు ఒకే భారతయుద్ధం రెండు చిత్రాలుగా ఆంధ్రదేశపు ప్రేక్షకుల ముందుకు వచ్చింది. ఒకదానిలో అర్జునునికి, శ్రీకృష్ణునికి, కర్ణునికి ముగ్గురు కథానాయకులు. మరొకదానిలో శ్రీకృష్ణుడు, కర్ణుడు, దుర్యోధనుడు ముగ్గురూ ఒక్కరే, దర్శకుడూ ఆయనే. ‘కర్ణ’ గెలిచింది. కాని ఆనాటి వసూళ్ళ లెక్క ఇన్నేండ్ల జ్ఞాపకానికి పూర్తి కారణం కాజాలదు. ఆనాడు ఓడి, తరువాత కాలంలో జనహృదయంలో నిలిచిన చిత్రాలు మనకు లేకపోలేదు. కారణం ఇంకా లోతున ఉన్నది.

మొదటిది, మనుషులు లేరు. సముద్రాల రాఘవాచార్యులు గారు 1968లో గతించారు. ఘంటసాల గారు 1974 ఫిబ్రవరిలో, రంగారావు గారు అదే ఏడు జూలైలో వెళ్ళిపోయారు. మొదటి రెండు చిత్రాలకు ప్రాణమైన కలమూ, గళమూ, ప్రతినాయకుడూ మూడవదానికి దక్కలేదు. దర్శకుడు ఒక్కరే మిగిలారు.

రెండవది, మూలం. అయిదు ఆశ్వాసాల ఒక్క పర్వాన్ని ఒక చిత్రంగా తీయడం వేరు. పద్దెనిమిది రోజుల యుద్ధాన్ని, భీష్మ, ద్రోణ, కర్ణ, శల్యపర్వాలను మూడు గంటలలో ఇమడ్చడం వేరు. రోజుకొక సేనాపతి, పూటకొక మరణం. ఎవరి వెంట నడవాలో ప్రేక్షకునికి తెలియాలి. ముగ్గురు నాయకులకు సమానంగా పంచవలసి వచ్చిన కథలో అటువంటి ఒక్కడు దొరకడు. ‘కర్ణ’లో దొరికాడు, పేరులోనే ఉన్నాడు.

మూడవది, నా దృష్టిలో ప్రధానమైనది, చెవి. తెలుగువాడు భారతాన్ని కంటితో కంటె చెవితోనే ఎక్కువగా ఎరుగును. పురాణకాలక్షేపంలో విన్నాడు, హరికథలో విన్నాడు, పద్యనాటకంలో విన్నాడు. ముఖ్యంగా యుద్ధానికి పూర్వరంగమైన రాయబారం పల్లెలకు తిక్కన ద్వారా కంటె తిరుపతి వేంకటకవుల ‘పాండవోద్యోగ విజయాల’ ద్వారానే అందింది. మా ఉత్తరాంధ్రలో ఈ మాట వేరే చెప్పనక్కరలేదు. విజయనగరం జిల్లాకు చెందిన పీసపాటి నరసింహమూర్తి గారు శ్రీకృష్ణుడుగా రంగం మీదికి వస్తే తెల్లవారేదాకా జనం కదిలేవారు కారు. ఆ రాయబార పద్యాలను కామేశ్వరరావు గారే తమ ‘శ్రీకృష్ణావతారం’ (1967)లో ఘంటసాల గారి చేత పాడించి ఉన్నారు. కాబట్టి పదేండ్ల తరువాత అదే కథకు కొత్త చిత్రం వస్తే, ప్రేక్షకుడు రథాలు ఎన్ని ఉన్నాయని లెక్కపెట్టడు. ఏమి వినిపిస్తారు అని చెవి ఒగ్గుతాడు.

ఈ దృష్టితో చూస్తే ‘కర్ణ’ విజయం తేటతెల్లమవుతుంది. అందులో కొండవీటి వేంకటకవి గారు దుర్యోధనునికి దీర్ఘమైన సమాసభరితమైన వచనం వ్రాశారు. అది పేరుకు వచనమే గాని దాని నడక పద్యపు నడక. ఊపిరి బిగబట్టి చెప్పవలసిన వాక్యాలు, అంతకంతకు పెరిగే ప్రశ్నలు. దీర్ఘసమాసం విని జనం జడుస్తారన్న మాట అబద్ధమని ఆ చిత్రం నిరూపించింది. మా ఉక్కునగరం చుట్టుపట్ల వినాయక చవితి పందిళ్ళలో ఆ సంభాషణలు మైకులలో మోగగా విన్నాను. వినేవారిలో చదువురానివారు ఎందరో ఉండేవారు. వారిలో ఒక్కరూ మాకు అర్థం కాలేదని లేచిపోలేదు. పద్యం ఖాళీచేసిన స్థానాన్ని వచనం ఆక్రమించింది గాని, చెవికి విందు మాత్రం ఆగలేదు.

‘కురుక్షేత్రం’ నుండి నేటికీ జనం నోట నిలిచినది ఏది? ‘మ్రోగింది కల్యాణ వీణ’ అనే పాట. చక్కని పాట, రాజేశ్వరరావు గారి స్థాయికి తగినది. కాని ఒక మహాయుద్ధ చిత్రం నుండి యుద్ధానికి సంబంధించిన ఒక్క పలుకూ నిలువక, కల్యాణగీతం మాత్రమే నిలిచిందంటే లోపం ఎక్కడ ఉన్నదో తెలుస్తూనే ఉన్నది. కంటికి పెట్టిన ఖర్చు చెవికి పెట్టలేదు.

ఇది కామేశ్వరరావు గారిని తక్కువ చేయడం కాదు. ఆయన 1998లో కన్నుమూసేవరకు ‘పౌరాణిక బ్రహ్మ’ అన్న బిరుదుకు తగినవారే. తిక్కన చేతిలో ఉన్నప్పుడు, పక్కన సముద్రాల, ఘంటసాల ఉన్నప్పుడు ఆయన తీసినది ఒకటి. వారు లేనప్పుడు తీసినది ఒకటి. దర్శకుడు ఒక్కడే అయినా చిత్రాలు వేరయ్యాయి. పౌరాణిక చిత్రానికి ‘కర్త’ ఎవరు అన్న ప్రశ్నకు ఈ మూడు చిత్రాలే సమాధానం.

ఆ తరువాతి చరిత్ర క్లుప్తంగా చెబుతాను. 1988లో దూరదర్శన్‌లో బి.ఆర్. చోప్రా గారి హిందీ ‘మహాభారత్’ మొదలై దేశమంతటికీ ఒకే భారతాన్ని అందించింది. మన పిల్లలకు తొలిసారిగా భారతం తెలుగు పద్యం లేకుండా పరిచయమైనది. 2004లో బాలకృష్ణ గారు ‘నర్తనశాల’ను మళ్ళీ తీయబూని, ద్రౌపది పాత్రధారిణి సౌందర్య గారి దుర్మరణంతో ఆపివేశారు. చిత్రీకరించిన కొద్ది భాగాన్ని 2020లో విడుదల చేశారు. 2024లో వచ్చిన ‘కల్కి 2898 ఏడీ’లో నాగ్ అశ్విన్ గారు కురుక్షేత్రాన్ని గణకయంత్రాల సాయంతో కండ్లముందు నిలిపారు. అందులోని అశ్వత్థామను చూసి పిల్లలు అబ్బురపడ్డారు. నాకూ సంతోషమే. భారతం పేరు వింటే ఇంకా జనం కదులుతున్నారు కదా.

అయితే ఆ అశ్వత్థామ కేతనం మీద సింహపు తోక ఉంటుందని, దానిని తిక్కన ఒక్క సీసపాదంలో రెపరెపలాడించాడని ఆ పిల్లలకు ఎవరు చెబుతారు? మొన్నటి తరంలో ఆ పద్యం క్యాసెట్టు ద్వారా ముందే ఇంటికి చేరి మాస్టారు కోసం ఎదురుచూసేది. ఇప్పుడు మాస్టారు పద్యాన్ని, దాని ధ్వనిని, అర్థాన్ని కూడ తానే మోసుకుని తరగతి గదికి వెళ్ళాలి. భారం ఎక్కువ, సమయం తక్కువ, పరీక్షలో దానికి వచ్చే మార్కులు మరీ తక్కువ. ఇరవై, ముప్ఫయి ఏండ్ల తరువాత ఆ సీసాన్ని తడబడకుండా చదివేవారు పండితులలో తప్ప మిగలరేమోనన్న భయం నాకు ఉన్నది.

ఈ మూడు చిత్రాలనూ చూడదలచినవారికి నా సలహా ఒక్కటే. విడుదలైన వరుసలో గాక కథాక్రమంలో చూడండి: ముందు ‘వనవాసం’, తరువాత ‘నర్తనశాల’, ఆపైన ‘కురుక్షేత్రం’. ఇంట్లో పదేండ్లు దాటిన పిల్లలుంటే పక్కన కూర్చోబెట్టుకోండి. ఉత్తరగోగ్రహణం వచ్చినప్పుడు ఒక్క నిమిషం చిత్రాన్ని ఆపి, ఆరు జెండాలు కాగితం మీద గీసి చూపించి, మళ్ళీ మొదటినుండి పద్యం వినిపించండి. విరాటపర్వం ప్రతి ఇంట్లో ఉంటే ఆ పుట తెరిచి పెట్టండి. ఇంతకంటె పెద్ద పని ఏమీ అక్కరలేదు. ఈ చిత్రాలలోని పద్యాలను గురించి పెద్దల నోట విన్న సంగతులు మీ వద్ద ఏవైనా ఉంటే తప్పక వ్రాయండి, చదివి ఆనందిస్తాను.

స్వస్తి.